బట్టలారబెట్టు యంత్రము - అగ్నిప్రమాద నివారణము

ఉతికిన బట్టలను ఆరవేయుట మన యిండ్లలో ప్రత్యేకముగ చెప్పుకొనదగిన పని కాదు. పెరటిలో రెండు గుంజలకు కట్టిన దండెము, ఆకాశమున సూర్యుడు, వీచుచుండు గాలి - ఈ మూడును ఉన్నచో ఆ పని దానంతట అదియే జరిగిపోవును. వేసవియందు నూలుచీర గంటసేపటిలోనే ఫెళఫెళలాడుచు ఆరును. దీనికై మనము కానీ అయినను వెచ్చించుట లేదు. కాని వానకాలమున ముసురుపట్టి నాలుగు దినములు ఎండ కానరానప్పుడు దాని విలువ గృహిణులకు తెలియును. చంటిబిడ్డ లున్న యింట పొత్తిగుడ్డలు ఆరక తల్లి పడు అవస్థ యింతింత కాదు. అట్టి సమయమున పూర్వము కుంపటిలో నిప్పులు వేసి, దానిపై వెదురుబుట్ట బోర్లించి, ఆ బుట్టపై గుడ్డలను పఱచి ఆరబెట్టెడివారు. ఆ కుంపటి యొద్ద ఇంటివారిలో ఒకరు కూర్చుండి కనిపెట్టుకొని యుండెడివారు. గుడ్డయు నిప్పును ఒకచోట చేరినప్పుడు మనుష్యుని కన్ను వానిపై ఉండవలెనని వారికి ఎవ్వరును వేఱుగ చెప్పనక్కఱలేదు.

శీతలదేశములలో ఈ చిక్కు నాలుగు దినములది కాదు. నెలల తరబడి యుండును. అమెరికా, కెనడా దేశముల ఉత్తరభాగములందు శీతకాలమున దండెముపై వేసిన తడిబట్ట మంచువలె గడ్డకట్టి అట్టవలె బిగుసుకొనును. ఇదిగాక, అమెరికాలోని కొన్ని నివాసప్రాంతములలో ఇండ్ల ముందరను పెరటిలోను బట్టలు వ్రేలాడుట చూపునకు బాగుండదని దండెములనే నిషేధించిరి. ఇట్టి నిషేధము తగదని ఫ్లారిడా, మెయిన్, వెర్మాంట్ వంటి కొన్ని రాష్ట్రములు చట్టములు చేయవలసి వచ్చెను. ఈ కారణములచేత అక్కడి గృహములలో బట్టలుతుకు యంత్రము ప్రక్కనే బట్టలారబెట్టు యంత్రము కూడ ఉండుట సాధారణమైనది. దానిని వారు డ్రయ్యరు అందురు. చదువులకును ఉద్యోగములకును మన ఊళ్ళనుండి ఆ దేశములకు వెళ్ళిన తెలుగువారు లక్షల సంఖ్యలో ఉన్నారు. మీ తరగతిలోనే అన్నయో, అక్కయో, మేనమామయో అక్కడ ఉన్నవారు కొందఱు ఉండవచ్చును. మన నగరములలోని మేడలందును ఈ యంత్రములు ప్రవేశించినవి. కావున దీని పనితీరును, దీనివలన కలుగు అపాయమును, ఆ అపాయమును తప్పించుకొను మార్గమును తెలిసికొనుట అవసరము.

బట్టలను వేడిచే ఆరబెట్టవలెనను యోచన క్రొత్తది కాదు. 1892వ సంవత్సరమున అమెరికా దేశీయుడగు జార్జి టి. శాంప్సన్ అను నతడు పొయ్యికి సమీపమున బట్టలను వ్రేలాడదీయుటకు అనువైన ఒక చట్రమును నిర్మించి దానికి పేటెంటు హక్కు పొందెను. అనంతరము ఉత్తర డకోటా రాష్ట్రమునకు చెందిన జె. రాస్ మూర్ అనునతడు గిఱ్ఱున తిరుగు పీపాలో బట్టలు వేసి వేడిగాలితో ఆరబెట్టు యంత్రమును రూపొందించెను. ఆ నమూనాను మెఱుగుపఱచి 1938 ప్రాంతమున అంగళ్ళలో అమ్మకమునకు పెట్టిరి. దానికి వారు పెట్టిన పేరు 'జూన్ డే'. వారి దేశమున జూన్ మాసము చక్కని యెండ కాయు మాసము. ఇంటిలోపలనే అట్టి యెండను కల్పించు యంత్రమని ఆ పేరునకు భావము.

ఈ యంత్రము పనిచేయు విధము సులభముగనే బోధపడును. లోపల పెద్ద పీపా వంటి డ్రమ్ము ఒకటి ఉండును. మోటారు దానిని నిమిషమునకు సుమారు ఏబదిసార్లు త్రిప్పును. బట్టలు పైకి లేచుచు, క్రిందికి జారి పడుచు నుండుటచే వాని మడతలు విడివడి గాలికి ఎడమిచ్చును. ఒక ప్రక్కనుండి విద్యుత్తుచే ఎఱ్ఱగ కాలు లోహపుతీగల మీదుగనో, వాయువుతో మండు జ్వాల మీదుగనో వచ్చు వేడిగాలి డ్రమ్ములో ప్రవేశించును. ఆ గాలి బట్టలలోని తేమను గ్రహించి, ఒక వడపోత జాలిగుండ సాగి, విసనకఱ్ఱ వంటి చక్రముచే త్రోయబడి, గొట్టముద్వారా ఇంటివెలుపలకు పోవును. వేడి కలిగించుట, బట్టలను కదలించుట, తడిగాలిని వెలుపలకు పంపుట - ఇవి మూడును సరిగ జరిగిననే బట్టలు క్షేమముగ ఆరును.

దీనికి ఎంత వేడి కావలయునో ఒక చిన్న లెక్క వేసి చూడుడు. ఒక గ్రాము నీరు ఆవిరిగ మారుటకు సుమారు 540 కేలరీల ఉష్ణము కావలెనని మీరు విజ్ఞానశాస్త్రమున చదువుదురు. పొడిగ నున్నప్పుడు నాలుగు కిలోగ్రాములు తూగు బట్టలను ఉతికి పిండినపిమ్మట వానిలో ఇంకను రెండు కిలోగ్రాముల నీరు మిగిలియుండె ననుకొందము. దానిని పోగొట్టుటకు 10 లక్షల 80 వేల కేలరీలు కావలెను. ఇదే ఉష్ణముతో 30 డిగ్రీల వేడిమిగల నీటిని పదునైదు లీటర్లు తెకతెక కాచవచ్చును. ఇంతటి వేడిని కొద్దిసేపటిలో అందించుటకే అమెరికాలోని విద్యుద్యంత్రములు సుమారు 5,000 వాట్ల శక్తిని వినియోగించును. అది 50 వాట్ల దీపములు నూఱింటికి సరిపోవు శక్తి. ఎండలో ఆరు చీరకు ఈ ఉష్ణమునంతయు సూర్యుడును గాలియు ఊరకే సమకూర్చుచున్నారు. ఒక చిన్న ఇనుపపెట్టెలో అంత ఉష్ణమును ప్రోగుచేసి, దాని నడుమ గుడ్డలను ఉంచుచున్నామని గ్రహించిననాడు జాగ్రత్త యొక్క ఆవశ్యకత మనకు తెలియును.

అపాయము కేవలము ఊహ కాదు. అమెరికా ప్రభుత్వమువారి అగ్నిమాపక పాలనాసంస్థ 2008వ సంవత్సరమునుండి 2010వ సంవత్సరము వఱకు జరిగిన ప్రమాదములను పరిశీలించి ఒక నివేదిక ప్రకటించెను. దానినిబట్టి ఆ కాలమున నివాసగృహములలో ఏటేట సుమారు 2,900 అగ్నిప్రమాదములు ఈ యంత్రములయందు పుట్టినవి. ఏటేట సుమారు అయిదుగురు మరణించిరి; నూఱుమంది గాయపడిరి; మూడున్నర కోట్ల డాలర్ల ఆస్తి నష్టమయ్యెను. కారణములలో మొదటిస్థానము యంత్రదోషమునకు గాని, విద్యుద్దోషమునకు గాని దక్కలేదు. యంత్రమును శుభ్రపఱచకపోవుటయే మొదటి కారణమని తేలెను. నూటికి ముప్పదినాలుగు ప్రమాదములు అట్లు సంభవించినవే. శీతకాలమున యంత్రము ఎక్కువగ నడచును గనుక జనవరి మాసమున ప్రమాదములు తక్కిన మాసములకంటె అధికముగ నుండెను.

శుభ్రపఱచవలసిన ఆ వస్తువేది? అది నూగు. ఎంతటి గట్టిబట్ట యైనను నూలుపోగులతో నేసినదే గదా! ఉతుకునప్పుడును, ఆరునప్పుడును, ఒకదానితో ఒకటి రాసుకొనునప్పుడును ఆ పోగుల కొసలు విఱిగి రాలును. ఆ రాలిన సన్నని పీచే నూగు. దండెముపై ఆరు బట్టల నూగు గాలిలో కొట్టుకొనిపోవును గనుక మనకు కానరాదు. యంత్రములో దానికి వేఱుదారి లేదు. వడపోత జాలిపై అది మెత్తని బూడిదరంగు పొరవలె పేరుకొనును. చేతిలోనికి తీసికొన్నచో బరువే తెలియదు. చూచువారికి అది అల్పమైన చెత్తగ తోచును.

ఆ అల్పవస్తువే నిప్పునకు ఇష్టమైన ఆహారము. పొయ్యిలో పెద్దమొద్దును పెట్టి అగ్గిపుల్లతో అంటించినచో అది అంటుకొనదు. అదే మొద్దును చిత్రికపట్టి తీసిన పొట్టు క్షణములో భగ్గుమనును. కఱ్ఱ ఒక్కటే, భేదము గాలి తగులు ఉపరితలమున ఉన్నది. వస్తువు సన్ననగుకొలది దాని ఉపరితలము పెరుగును, ప్రాణవాయువు దానిని అన్నివైపుల చుట్టుముట్టును, వేడెక్కుటకు పట్టు కాలము తగ్గును. గుంటూరు, ఆదోని, ఆదిలాబాదు ప్రాంతములలో ప్రత్తి జిన్నింగు మిల్లులు చూచిన విద్యార్థులకు ఈ విషయము సులభముగ తెలియును. గట్టిగ నొక్కి కట్టిన బేలు నెమ్మదిగ రాజుకొనును. విడిగ చెదరిన దూది మీద ఒక్క నిప్పురవ్వ పడినచో మంట కన్నుమూసి తెఱచునంతలో ప్రాకును. అందుచేతనే ఆ మిల్లులలో బీడీ, అగ్గిపెట్టెలను దరిచేరనీయరు. నూగు విడిచెదరిన దూదికంటెను సన్ననిది.

జాలి ఉన్నది గదా, నూగునంతయు అది పట్టదా యని మీకు సందేహము కలుగవచ్చును. చాలవఱకు పట్టును, కాని అంతయు పట్టదు. సన్ననిపీచు కొంత జాలిరంధ్రములగుండ జారి వెలుపలి గొట్టములోనికి పోవును. మఱికొంత సందులగుండ యంత్రపు పెట్టెలోనికి చేరి అడుగున నిలిచియుండును. పెట్టెలోని గాలిని పీల్చి కాలుచున్న తీగల మీదుగ పంపుటయే యంత్రపు ధర్మము గనుక, ఆ గాలితోపాటు నూగు కూడ తీగలను తాకవచ్చును. తాకిన వెంటనే అది నిప్పురవ్వయగును. ఆ రవ్వ గాలివాలున డ్రమ్ములోనికి పోయినచో బట్టలు అంటుకొనును. గొట్టములోనికి పోయినచో అందు పేరుకొనియున్న నూగు అంటుకొనును. గొట్టములో నిప్పు పుట్టెనా, లోపలి చక్రము దానిని కొలిమితిత్తివలె ఊదుచుండును.

లండను నగరమున 2016వ సంవత్సరము ఆగష్టు 19వ తేదీన జరిగిన ప్రమాదము దీనికి తార్కాణము. షెపర్డ్స్ కోర్టు అను పదునెనిమిది అంతస్తుల భవనములో ఏడవ అంతస్తున ఒక గృహమునందలి బట్టలారబెట్టు యంత్రము అంటుకొనెను. మంటలు కిటికీలగుండ వెలువడి పై యంతస్తులకు ప్రాకినవి. దాదాపు నూటయిరువదిమంది అగ్నిమాపక భటులు శ్రమించి వానిని ఆర్పిరి. ప్రాణనష్టము కలుగలేదు, కాని అనేక కుటుంబములవారు ఇండ్లు విడువవలసి వచ్చెను. ఆ యంత్రము లోపమున్నదని తయారీదారులే అంతకుముందు ప్రకటించిన రకమునకు చెందినది. నూగు ఎక్కువగ చేరి కాలుతీగలను తాకవచ్చుననుటయే వారు ప్రకటించిన ఆ లోపము. కావున తయారీదారులు యంత్రములను వెనుకకు పిలిచినప్పుడును, మరమ్మతు చేయుదుమని తెలిపినప్పుడును ఆ ప్రకటనను నిర్లక్ష్యము చేయరాదు. మరమ్మతు జరుగువఱకు ఆ యంత్రమును నడపకుండుట మేలు.

నూగు చేయు రెండవ హాని గాలిదారిని మూసివేయుట. జాలి పూడుకొన్నను, గొట్టము పూడుకొన్నను తడిగాలి వెలుపలకు పోవుట తగ్గును. బట్టలు ఆరుటకు ఎక్కువకాలము పట్టును. యంత్రము మఱింత సేపు నడచును. లోపలి వేడి హెచ్చును. ఆరోగ్యముగ నడచు యంత్రమునుండి వెలువడు గాలి సాధారణముగ 50 మొదలు 70 డిగ్రీల వేడిమితో ఉండును. నూలుబట్ట అంటుకొనుటకు సుమారు 400 డిగ్రీల వేడిమి కావలెను. ఈ రెండింటికి నడుమ ఉన్న దూరమే మనకు రక్షణ. వేడి హద్దు మీఱినచో తీగలకు విద్యుత్తును ఆపివేయు థర్మోస్టాటు అను సాధనము యంత్రములో ఉన్నమాట నిజమే. కాని గాలి ఆడని యంత్రములో అది మాటిమాటికి పనిచేసి చేసి అరిగిపోవును. కావలివాని మీద భారము వేసి యజమాని నిద్రించుట వివేకము కాదు.

యంత్రము ప్రమాదమునకు ముందు కొన్ని హెచ్చరికలు చేయును. మునుపు ముప్పావుగంటలో ఆరెడి బట్టలు ఇప్పుడు గంటన్నర పట్టుట మొదటి హెచ్చరిక. బట్టలును, యంత్రపు పైభాగమును ముట్టరాని వేడిగ ఉండుట రెండవది. మాడువాసన వచ్చుట మూడవది. యంత్రము నడచుచుండగ గోడ వెలుపలి గొట్టపుమూతి కడనున్న మూత తెఱచుకొనకపోవుట నాలుగవది. వీనిలో ఏ యొకటి కనబడినను యంత్రమును ఆపి, గాలిదారిని పరీక్షింపవలెను. బట్టలు ఆరలేదని మరల మీట నొక్కుట హెచ్చరికను త్రోసిపుచ్చుటయే.

ఇక నివారణమార్గములు. వీనిలో మొదటిదియు ముఖ్యమైనదియు జాలిని శుభ్రపఱచుట. వారమునకు ఒకసారి కాదు, నెలకు ఒకసారి కాదు. బట్టలు వేసిన ప్రతిపర్యాయము జాలిని వెలికిదీసి, దానిపైని నూగును చేతితో ఊడదీయవలెను. ఈ పనికి అర నిమిషము చాలును. జాలి చినిగినచో, లేక సరిగ బిగియకున్నచో క్రొత్తది వేయించువఱకు యంత్రమును నడపరాదు. బట్టలను మెత్తపఱచు ద్రవ్యములు వాడువారి యిండ్లలో జాలిపై కంటికి కనబడని జిడ్డుపొర ఏర్పడుట కలదు. దానిమీద నీరు పోసినప్పుడు నీరు క్రిందికి జాఱక నిలిచినచో, సబ్బునీటితో కడిగి ఆరబెట్టి వాడవలెను.

రెండవది గొట్టము. అది సాధారణముగ నాలుగంగుళముల వ్యాసము కలది. లోపల నునుపుగ నుండు గట్టి లోహపుగొట్టమే శ్రేష్ఠము. పలుచని రేకుతోనో, ప్లాస్టిక్కుతోనో హార్మోనియపు తిత్తివలె ముడుతలు ముడుతలుగ చేసిన గొట్టములు చవుకయే, వంచుట సులభమే. కాని ప్రతి ముడుతయందును నూగు చిక్కుకొనును. యంత్రమును గోడకు నెట్టినప్పుడు అవి నలిగి మూసికొనిపోవును. ప్లాస్టిక్కు తానే మండును. గొట్టము పొడవు కూడ మితిలో ఉండవలెను. అమెరికాలోని గృహనిర్మాణ నియమావళి సాధారణముగ 35 అడుగులకు మించరాదని చెప్పుచున్నది. లంబకోణపు మలుపు ఒక్కొక్కదానికి అయిదడుగుల చొప్పున అందులోనుండి తగ్గించుకొనవలెను. రెండు మలుపులున్నచో 25 అడుగులే మిగులును. మలుపుకడ గాలి వేగము తగ్గి, నూగు అచ్చట దిగబడుటయే ఈ నియమమునకు కారణము. గొట్టపు అతుకులను లోపలికి చొచ్చుకొనివచ్చు మరలతో బిగింపరాదు. వాని మొనలకు నూగు చుట్టుకొనును. సంవత్సరమునకు ఒకసారియైన గొట్టమును విప్పి, పొడవైన కుంచెతో శుభ్రపఱుపవలెను, లేదా తెలిసినవారిచే చేయింపవలెను. గోడ వెలుపలి మూతికడ పక్షులు గూడు కట్టకుండ, మంచు పేరుకొనకుండ చూచుకొనవలెను. వాయువుతో నడచు యంత్రములయందు గొట్టము మూసికొన్నచో మఱొక గండము కలదు. కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు ఇంటిలోనే నిలిచిపోవును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రించువారు దానిని కనిపెట్టలేరు.

మూడవది నూనెగుడ్డల విషయము. కొన్ని నూనెలు గాలిలోని ప్రాణవాయువుతో కలిసికొనుచు తమంతట తామే వేడిని పుట్టించుకొనును. విడిగ ఆరవేసిన గుడ్డలో ఆ వేడి ఎప్పటికప్పుడు గాలిలో కలిసిపోవును. అట్లుగాక గుడ్డలను ఉండచుట్టి కుప్పగ వేసినచో వేడి లోపలనే చిక్కుకొని, క్రమక్రమముగ హెచ్చి, తుదకు అగ్గిపుల్ల లేకయే నిప్పు పుట్టును. 1991వ సంవత్సరము ఫిబ్రవరి 23వ తేదీన ఫిలడెల్ఫియా నగరమున ముప్పదియెనిమిది అంతస్తుల భవనమొకటి ఇట్లే కాలెను. కఱ్ఱసామానును తుడిచిన అవిసెనూనె గుడ్డలను ఇరువది రెండవ అంతస్తున వదలిపోవుటయే దానికి మూలము. మంటలు ఎనిమిది అంతస్తులను మ్రింగినవి. ముగ్గురు అగ్నిమాపక భటులు ప్రాణములు కోల్పోయిరి. ముప్పదియవ అంతస్తున తమంతట తాము నీరు చిమ్ము పది స్ప్రింక్లరులు ఆ మంటను నిలువరించినవి.

ఆ భవనమున బట్టలారబెట్టు యంత్రము లేదు. కాని అచ్చట పనిచేసిన సూత్రమే ఈ యంత్రములోను పనిచేయును. వంటనూనె తుడిచిన గుడ్డలు, ఒంటికి నూనె మర్దించుకొన్నపిమ్మట వాడిన తువాళ్ళు ఒక్కసారి ఉతికినంతమాత్రమున నూనెను పూర్తిగ విడువవు. అవిసెనూనె అన్నిటికంటె అపాయకరము. ప్రొద్దుతిరుగుడు, నువ్వుల నూనెలు దానికి తీసిపోయినను నిరపాయములు కావు. అట్టి గుడ్డలను యంత్రపు వేడిలో ఆరబెట్టి, ఆ వేడిమీదనే మడిచి దొంతరపెట్టినచో కొన్ని గంటలకు అవి లోలోపల రాజుకొనవచ్చును. పండుగనాడు తలంటుకొను అలవాటు గల మన కుటుంబములు ఏ దేశమున నున్నను ఈ సంగతిని మఱవరాదు. నూనె తగిలిన గుడ్డలను వేడినీటితోను సబ్బుతోను బాగుగ ఉతికి, దండెముమీదనే ఆరవేయుట మంచిది. పెట్రోలు, రంగులను కరిగించు ద్రవములు, మరకలు తీయు ద్రవములు తగిలిన బట్టలను యంత్రములో ఎన్నడును వేయరాదు. నురుగువంటి రబ్బరుతో చేసిన దిండ్లు, రబ్బరుపూత గల చాపలు కూడ పనికిరావు. ప్రతి వస్త్రమునకు కుట్టిన చీటీపై ఈ వివరము ఉండును. దానిని చదివి అనుసరింపవలెను.

నాలుగవది చల్లార్చుట. మంచి యంత్రములు చివరి కొన్ని నిమిషములు వేడి లేకుండ వట్టిగాలినే బట్టలకు పట్టించును. తొందరపడి ఆ భాగమును ఆపివేసి, వేడిబట్టలను ముద్దగ డ్రమ్ములోనే వదలిపెట్టరాదు. తడి ఉన్నంతవఱకు నీరు ఆవిరియగుచు బట్టను చల్లగ నుంచును. తడి పోయినపిమ్మట ఆ రక్షణ తొలగిపోవును. అందుచే ఆరిన బట్టలను ఇంకను కాచుట ధనవ్యయమే కాక అపాయకరము కూడ.

అయిదవది మెలకువ. ఇంటివారందఱు నిద్రించునప్పుడును, వెలుపలకు పోవునప్పుడును యంత్రమును నడపరాదు. రాత్రి మీట నొక్కి పండుకొన్నచో ఉదయమునకు బట్టలు సిద్ధముగ నుండునని కొందఱు తలంతురు. పగలు ఎవరైన మేల్కొనియున్నప్పుడు పుట్టిన మంటను మాడువాసనతోనే కనిపెట్టవచ్చును; అర్ధరాత్రి పుట్టిన మంట పొగతోనే ప్రాణము తీయును. పొగను పసిగట్టి మ్రోగు స్మోక్ అలారములను ఇంటి ప్రతి అంతస్తునందును, పడకగదులకడను అమర్చి, నెలకొకసారి మ్రోగించి చూచుచుండవలెను. యంత్రపు చుట్టుప్రక్కల కాగితములు, పెట్టెలు, విడిచిన బట్టలు ప్రోగువేయరాదు. అంతటి శక్తిని వినియోగించు యంత్రమునకు పొడిగింపు తీగలతో విద్యుత్తు నందింపరాదు. ఆ సన్నని తీగలే కాలిపోవును.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను యంత్రములో మంట పుట్టెనేని ఏమి చేయవలెను? మొట్టమొదట తలుపు తెఱవరాదు. మూసియున్న డ్రమ్ములో నిప్పునకు దొరకు గాలి కొద్ది; తలుపు తెఱచినచో క్రొత్తగాలి ఒక్కసారిగ చొఱబడి మంట ముఖమునకే ఎగయును. అపాయము లేకుండ చేయగలిగినచో మాత్రమే విద్యుత్తును ఆపవలెను. విద్యుత్తు నడచుచున్న యంత్రముపై నీరు పోయరాదు. ఆ గది తలుపు మూసి, ఇంటివారినందఱిని వెలుపలకు పంపి, పిమ్మట అగ్నిమాపకదళమును పిలువవలెను. అమెరికాలో 911, ఇంగ్లండులో 999, మనదేశమున 101 లేక 112 ఆ పిలుపు సంఖ్యలు. వస్తువులకొఱకు మరల లోపలికి పోరాదు.

మన ప్రాంతమున ఈ యంత్రము గల ఇండ్లు ఇంకను కొన్నియే. ఉన్నవానిలో పెక్కు గొట్టము అవసరము లేనివి. అవి గాలిలోని తేమను నీరుగ మార్చి తొట్టిలోనికో, మురుగుగొట్టములోనికో వదలును. వెలుపలి గొట్టము లేకపోవుటచే దానికి సంబంధించిన భయము లేదు గాని, నూగు వానిలోను పుట్టును. జాలి ఉన్న యంత్రములందు జాలిని, తేమను నీరుగ మార్చు భాగమును, యంత్రముతో ఇచ్చిన పుస్తకమున చెప్పిన రీతిగ శుభ్రపఱుపక తప్పదు.

యంత్రము లేని యిండ్లవారికిని ఈ పాఠముతో ప్రయోజనము కలదు. ముసురుదినములలో గ్యాసుపొయ్యికి పైగా తాడు కట్టి గుడ్డలు ఆరవేయువారు కలరు. ఆరినకొలది గుడ్డ తేలికయై, గాలికి జారి మంటపై పడునని వారు యోచింపరు. చలినాడు గదిని వేడిచేయు హీటరుపై తడిచొక్కా పఱచువారును, వేడిగ నున్న ఇస్త్రీపెట్టెను బట్టపైననే ఉంచి ఫోనుకు జవాబు చెప్పబోవువారును కలరు. అట్టివారు నిప్పును గుడ్డ చెంత వదలి తమ కన్నును మఱొకచోటికి మరల్చుచున్నారు. వానదినములలో కిటికీ తెఱచి, పంకా క్రింద దండెము కట్టి, బట్టలను విడివిడిగ వేసినచో కొంత ఆలస్యముగనైనను అవి నిరపాయముగ ఆరును. ఆరుటకు వేడి ఎంత ముఖ్యమో గాలి అంతకంటె ముఖ్యము.

విద్యార్థులారా! ఇల్లు కాలుచుండగ బావి త్రవ్వబోవుట ఎట్టిదో మీరెఱుగుదురు. పెద్ద యగ్నికి పెద్ద కారణమే యుండవలెనని భ్రమపడరాదు. పైని చెప్పిన 2,900 ప్రమాదములలో మూడవవంతునకు పైగా కేవలము శుభ్రత లోపించుటచే కలిగినవి. ఆ యిండ్లలో ధనమునకు కొఱత లేదు. యంత్రములకు కొఱత లేదు. లోపించినది ప్రతిదినము చేయవలసిన చిన్నపని. అట్టి పనులను పెద్దలు మఱచినప్పుడు పిల్లలు జ్ఞాపకము చేయవచ్చును. దూరదేశమున నున్న మీ అక్కయ్యతోనో, మేనమామతోనో ఈసారి మాటలాడునప్పుడు వారి యంత్రపు జాలిని ఎప్పుడు శుభ్రపఱచిరో, గొట్టమును ఎన్నాళ్ళ క్రిందట విప్పి చూచిరో అడుగుడు. వారు జవాబు చెప్పుటకు తడబడినచో, ఆ దినముననే ఆ పని చేయుడని వారిని వేడుకొనుడు.